అరువది కార్డుల కట్ట

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ అను పట్టణము కలదు. తెలుగు కుటుంబములు అచట చాలగా నివసించుచున్నవి. ఆ ఊరి అంగళ్లలో ఒకదాని ముందు భాగమున ఆటవస్తువులు అమ్ముదురు. వెనుక భాగమున నాలుగు పొడుగాటి బల్లలును, ముప్పది మడత కుర్చీలును ఉండును. శుక్రవారము సాయంకాలమైనదా, ఆ కుర్చీలన్నియు నిండిపోవును. పదమూడేండ్ల బాలురు మొదలు నలువదియేండ్ల ఉద్యోగస్థుల వరకు ఎదురెదురుగా కూర్చుండి, రంగురంగుల కార్డులను బల్లపై పరచి, ప్రొద్దుపోవు వరకు ఆడుచుందురు. మాటలాడువారు తక్కువ. కార్డులు కలిపెడి చప్పుడు మాత్రము వినవచ్చుచుండును. ఆ ఆట పేరు 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'.

ఒకనాటి శుక్రవారము ఎనిమిదవ తరగతి చదువుచున్న తెలుగు బాలుడొకడు ఆ బల్లల కడ వరుసగా నలుగురితో ఆడి నలుగురి చేతను ఓడిపోయెను. ఓటమి వానికి క్రొత్త కాదు. ఆనాటి ఓటమి మాత్రము వానిని కలచివేసెను. ఆ నలుగురిలో ముగ్గురి చేతనున్నది ఒకే కట్ట. రెండవవానితో ఆడునప్పుడు, ఇది ఇంతకుముందు చూచినదే యని వానికి అనుమానము కలిగెను. మూడవవాడు మూడు కార్డులు దింపగనే నాలుగవది యేదో బాలుడు మనసులో చెప్పుకొనెను, అదియే దిగెను. చెప్పుకొనగలిగినను ఓటమి తప్పలేదు.

వాని కట్ట వాడే కూర్చుకొన్నది. వానికి తాబేళ్లన్న ప్రీతి. ఈ ఆటలో ప్రతి ప్రాణికి కార్డు మూలన రెండంకెలు ముద్రింపబడి యుండును. మొదటిది దెబ్బ కొట్టు బలము, రెండవది దెబ్బ తట్టుకొను సత్తువ. తాబేలునకు మొదటి అంకె చిన్నది, రెండవ అంకె పెద్దది. దాని గుల్ల గట్టిది గాని కోరలు లేవు. అయితే 2015లో వెలువడిన 'అసాల్ట్ ఫార్మేషన్' అను కార్డు ఒకటి కలదు. అది బల్లపై నుండగా మన ప్రాణులు బలముతో గాక సత్తువతోనే దెబ్బ కొట్టును. ఆ కార్డును చూచిన నాడు బాలునికి రాత్రి నిద్ర పట్టలేదు. గుల్లనే ఆయుధముగా జేసికొను తాబేళ్ల దండు! రెండు నెలలు కార్డులు మార్చుకొనుచు, పుట్టినరోజున వచ్చిన డబ్బుతో కొన్నింటిని కొనుచు వాడు ఆ కట్టను కూర్చెను. అట్టి కట్ట ఆ అంగడిలో మరియొకనికి లేదు. ఎవనికిని లేకుండుటకు కారణము గూడ ఆనాడు వానికి తెలిసివచ్చెను.

ఇంటికి వచ్చునప్పటికి తాత మేలుకొనియే యుండెను. ఆయన భూదాన్ పోచంపల్లిలో నలువది సంవత్సరములు మగ్గము నేసిన మనిషి. ఆరు మాసములుండి పోవుటకై కుమారుని యింటికి వచ్చియుండెను.

"ఏమి బిడ్డా, మొగము వాడియున్నది?"

"నాలుగును ఓడితిని తాతా. ఇక ఆ తాబేళ్లను పెట్టెలో పెట్టివేయుదును. అందరు ఆడెడి కట్టనే నేనును కూర్చుకొందును. దాని జాబితా దొరకును. అరువది కార్డుల పేర్లును అందున్నవి."

"ఆ జాబితా కట్టినవారెవరు?"

"తెలియదు."

"ఎవరినైన అడిగితివా?"

"అడిగిన ఏమి లాభము తాతా? గెలిచెడిది కట్ట గదా, కట్టినవాడు కాదు గదా!"

తాత మరి మాటలాడలేదు. ఆ ప్రశ్న మాత్రము ఆ ఆట యెంత పాతదో అంత పాతది.

రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు ఈ ఆటను సృజించెను. 1993 ఆగస్టులో 'విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్' అను చిన్న సంస్థ దానిని ప్రకటించెను. మొదటి ముద్రణలో 295 రకముల కార్డులు, మొత్తము 26 లక్షలు. అవి కొలది వారములలోనే చెల్లిపోయెను. మన పేకాటలో ముక్కలు అందరికిని ఒక్కటే. ఈ ఆటలో అట్లుగాదు. ప్రతివాడు తన కార్డులను తానే ఏరి కట్టగా కూర్చుకొని వచ్చును. ఏమేమి ఏరితివన్నదే ఆటలో సగము. తొలుత నలువది కార్డులున్న చాలుననియు, ఒకే కార్డును ఎన్నియైనను పెట్టుకొనవచ్చుననియు ఉండెను. అది కూడదని త్వరలోనే తేలి, పోటీలలో కట్టకు అరువది కార్డులకు తగ్గరాదనియు, నేలను సూచించు సామాన్యపు కార్డులు తప్ప ఏ కార్డును నాలుగింటికి మించరాదనియు నియమము వచ్చెను. ఒక్కొక్క ఊర ఒక్కొక్క రీతి కట్టలు పుట్టుననియు, ఎన్నడును చూడని కార్డు ఎదుటివాని చేతినుండి దిగినప్పటి ఆశ్చర్యమే ఆటకు ప్రాణమనియు గార్ఫీల్డు తలపోసెను.

ఆ ఆశ్చర్యము ఎంతోకాలము నిలువలేదు. కంప్యూటరులను కలుపు తంత్రజాలము అప్పుడే విద్యార్థుల చేతికి వచ్చుచుండెను. ఒక ఊరిలో గెలిచిన కట్ట జాబితా మరునాటికి వేయి ఊళ్లకు చేరజొచ్చెను. బ్రయన్ వైస్‌మన్ అనునతడు కూర్చిన కట్ట యొకటి 1990ల నడిమి సంవత్సరములలో ఇట్లు ప్రచారము పొందెను. దానికి 'ది డెక్' అని పేరు. అనగా ఉత్త 'కట్ట' అనియే. మరియొక పేరు అక్కరలేదని జనులు భావించిరి కాబోలు.

1995 జూన్‌లో 'ఐస్ ఏజ్' అను సంపుటమున 'నెక్రోపొటెన్స్' అను నల్లని కార్డు వెలువడెను. అది ఆడువాని ప్రాణములను తీసికొని, మారుగా కార్డుల నిచ్చును. తన ప్రాణము తానే తీసికొనుట యెవనికి కావలెనని చాలమంది పెదవి విరిచిరి. ఎవరో కొందరు లెక్క వేసి చూచిరి. ఇరువది ప్రాణములలో చివరిది తప్ప తక్కినవన్నియు వెచ్చింపదగిన ధనమే యని వారికి తోచెను. 1996 వేసవి నాటికి పోటీలలో ఎటు చూచినను ఆ కట్టయే. ఆటగాండ్రు ఆ కాలమును నేటికిని 'నల్లని వేసవి' అని చెప్పుకొందురు. మొదట లెక్క వేసినవానికి కలిగిన ఆనందము ఆ వేసవిలో ఆడిన వేలమందిలో ఎందరికి కలిగియుండును?

అదే సంవత్సరము అట్లాంటా నగరమున జరిగినది మరింత చెప్పుకొనదగినది. అచటి పోటీకి పాల్ స్లై అను ఆటగాడు ఒక ఎర్రని కట్టతో వచ్చెను. అందలి కార్డులను చూచినవారికి నవ్వు వచ్చియుండవలెను. 'అయర్న్‌క్లా ఆర్క్స్' అను పిరికి రాక్షసులు నలుగురు అందుండిరి. రెండు గాని అంతకు మించి గాని బలమున్న ప్రాణి ఎదురుపడిన, వారు అడ్డము నిలువజాలరు. ఇట్లే ఎవరును పెట్టెనుండి తీయని కార్డులు మరికొన్ని. ఆ కట్ట ఒకదాని వెనుక ఒకరిని ఓడించుచు పోయెను.

అందలి రహస్యము ఇది. ఈ ఆటలో మొదటి వంతున వెచ్చించుటకు ఒక పాలు శక్తి యుండును. రెండవ వంతున రెండు పాళ్లు. మూడవ వంతున మూడు. రోజుకొక రూపాయి చొప్పున పెరుగు కూలివంటిదనుకొనవచ్చును. మిగిలినది మరునాటికి నిలువ యుండదు. ఆనాటిది ఆనాడే ఖర్చు పెట్టవలెను. గొప్ప గొప్ప కార్డులకు అయిదారు పాళ్లు కావలెను. వాని కొరకు వేచియున్నవాడు మొదటి మూడు నాలుగు వంతులు చేతులు ముడుచుకొని కూర్చుండును. ఎర్రని కట్టవాడు ఒక్క పాలును వృథా చేయడు. పిరికివారైన నేమి, తొలి వంతులలోనే బల్లపై నుందురు. ఎదుటివాని ఏనుగు లేచి నిలుచులోపల ఈ చీమలు పని ముగించుకొనును. ఏ వంతునకు ఎన్ని కార్డులుండవలెనో ముందుగా లెక్కించి కట్టను కూర్చు ఈ పద్ధతిని నేడు ఆ ఆట ఆడు ప్రతి పిల్లవాడును పాటించుచున్నాడు.

ఆ కట్టకు 'స్లై' అనియే పేరు నిలిచెను. ఆ జాతి కట్టల నన్నింటిని చాలకాలము ఆ పేరుతోనే పిలిచిరి. కాని దానిని ఆలోచించి రూపొందించినవాడు పాల్ స్లై కాదు. జే ష్నైడర్ అనునతడు. స్లై దానిని తీసికొనిపోయి ఆడెను. తెలిసినవారు ష్నైడరు పేరు చెప్పుచునే యున్నారు. అయినను నానుడిలో నిలిచినది రెండవ పేరే. ఇందు ఒకరు చేసిన మోసము లేదు. బల్లకడ కూర్చున్నవానిని లోకము చూచినది, దీపము ముందు లెక్క వేసినవానిని చూడలేదు. అంతియే.

ఈ పట్టున సంగీతము జ్ఞప్తికి వచ్చును. త్యాగరాజ కృతిని పాడిన గాయకుని దొంగ యనువారు లేరు. ఎట్లు పాడెనని చూతురు గాని ఏల పాడితివని అడుగరు. అట్లే ఒకరి కట్టతో మరియొకరు ఆడుట మాత్రము తప్పేమి యని అనుకరించువారి వాదము. అది త్రోసివేయదగినది కాదు. జాబితా ఒక్కటే యైనను ఆడు చేతులు ఒక్కటి కావు. ఒకే కట్టతో ఒకడు బహుమానము పొందును, ఒకడు మొదటి ఆటలోనే వెనుదిరుగును. చదరంగమున పెద్దలాడిన తొలి ఎత్తులను కంఠస్థము చేయువారిని ఎవరును నిందింపరు. అక్షరములు నేర్చు పిల్లవాడు గురువు వ్రాసిన ఓనమాలనే దిద్దును; స్వంత అక్షరములు కనిపెట్టుమని ఏ గురువును చెప్పడు. ఇదిగాక కార్డులకు వెల గలదు. ఉన్న కొంచెపు డబ్బుతో ప్రయోగములు చేసి పోగొట్టుకొనుమని పేదవానితో చెప్పుట సులువు.

కాని త్యాగరాజ కృతిలో ఒక విశేషమున్నది. చివరి చరణమున కర్త పేరు ముద్రయై కూర్చుండి యుండును. ఎవరు పాడినను, ఏ ఊర పాడినను, ఆ పేరు పలుకక పాట ముగియదు. అరువది కార్డుల జాబితాలో అట్టి ముద్రకు చోటు లేదు. ఆట ఆడు విధానమునకు గార్ఫీల్డునకు 1997లో అమెరికా ప్రభుత్వము పేటెంటు హక్కు నిచ్చెను. ఆ ఆటలో ఒకడు తెలివితో కూర్చిన కట్టకు మాత్రము అట్టి రక్షణ లేదు. ఉండవలెనా యన్నది వేరొక ప్రశ్న. ఉన్నచో ఆట ఆడువారికంటె న్యాయవాదులే ఎక్కువగుదురు.

అనుకరణమునందలి మరియొక చిక్కును 1996 ప్రపంచపు పోటీ చూపినది. ఆ యేడు సియాటిల్ ప్రాంతమున జరిగిన ఆ పోటీలో ఆస్ట్రేలియా వాడైన టామ్ చాన్‌ఫెంగ్ తెల్లని కట్టతో గెలిచెను. అందరును నల్లని కట్టను చేపట్టిన యేడు తెల్లని కట్ట గెలుచుటయే ఒక ముచ్చట. అంతకంటె ముచ్చటైనది వాని పొరపాటు. పోటీకి ముందు కట్టలోని కార్డుల పట్టీని వ్రాసి యియ్యవలెను. అందు నీలి శక్తి నిచ్చు నాలుగు నేల కార్డులను వ్రాయుట అతడు మరచిపోయెను. వ్రాయనివి ఆడరాదు గనుక వాని స్థానమున తెల్లని సామాన్యపు నేలలే వచ్చి చేరెను. కట్టలో నీలి శక్తి కావలసిన కార్డు మాత్రము అట్లే యుండిపోయెను. అది చేతికి వచ్చినను ఆడుటకు వీలులేదు. అట్టి కుంటి కట్టతోనే అతడు ప్రపంచమును గెలిచెను. ఆ పట్టీని అక్షరము పొల్లుపోకుండ ఎత్తి వ్రాసికొన్నవాడు విజయముతో బాటు మరపును గూడ వ్రాసికొనును. తాళపత్రములను పరిశోధించు పండితులకు ఇది తెలిసిన సంగతియే. రెండు ప్రతులలో ఒకే తప్పు ఒకే చోట కనబడినచో, అవి రెండును ఒక మూలమునుండి పుట్టినవని వారు నిర్ణయింతురు. లేఖకుడు అర్థము తెలిసి వ్రాసినచో దిద్దెడివాడే. కన్ను మాత్రమే వ్రాసినది, మనస్సు వ్రాయలేదు.

తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీర దేశమున నుండిన ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకము' చివరి భాగమున, ఒక కవి మాట మరియొక కవి మాటను పోలియుండుట మూడు విధములని చెప్పెను. మొదటిది అద్దములోని ప్రతిబింబము వంటిది. దానికి వేరు ప్రాణము లేదు. రెండవది చిత్తరువు వంటిది. పోలిక కలదు గాని ఉన్న ప్రాణము స్వల్పము. మూడవది ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుష్యుల వంటిది. రూపము కలిసినను ప్రాణములు వేరు. మొదటి రెండింటిని విడువవలెననియు, మూడవదానిని కవి విడువ నక్కరలేదనియు ఆయన తీర్పు. కాశ్మీర పండితునకు కార్డుల యాట తెలియదు. ఆ తీర్పు మాత్రము ఎడిసన్ అంగడిలోని బల్లలకు గూడ చక్కగా అతుకును. జాబితాను చూచి కొన్న కట్ట ప్రతిబింబము. ఒకటి రెండు కార్డులు మార్చి 'నాది' అన్న కట్ట చిత్తరువు. ష్నైడరు లెక్కను తెలిసికొని, వేరు కార్డులతో, వేరు తలపుతో కూర్చిన కట్ట మూడవది.

ప్రతిబింబములను ఆ సంస్థయే అమ్మిన ముచ్చటయు ఒకటి కలదు. 1996లో న్యూయార్కున జరిగిన తొలి 'ప్రో టూర్' పోటీలో చివరి వరకు నిలిచిన ఎనిమిదిమంది కట్టలను, కార్డుకు కార్డు అచ్చు వేసి అంగళ్లకు పంపిరి. వాని అంచులు బంగారు రంగువి; ఆటగాని సంతకమును వానిపై అచ్చు వేసిరి. వానితో పోటీలలో ఆడరాదు. ఇంటిలో ఆడుకొనవలెను, చూచి నేర్చుకొనవలెను. ముద్రయున్న ప్రతిబింబమునకు ఇది మంచి ఉదాహరణము.

గార్ఫీల్డు తన తొలి ఆశను మరువలేదు. పాతికేండ్ల తరువాత, 2018లో, ఆయన 'కీఫోర్జ్' అను మరియొక ఆటను వెలువరించెను. ఇందు ఏ రెండు కట్టలును ఒక్కటి కావు. ముప్పదియారు కార్డులున్న ప్రతి కట్టను యంత్రగణితమే కూర్చును. దానికొక పేరును అదియే పెట్టును. ఆ పేరు ప్రతి కార్డు వెనుకను అచ్చుపడి యుండును. కొన్నవాడు అందలి కార్డును తీయరాదు, క్రొత్తది చేర్చరాదు. ఎత్తి వ్రాసికొను జాబితా యనునదే లేకుండ పోయెను. ప్రతివాని చేతను లోకములో రెండవది లేని కట్ట! ఎంత అందమైన యుక్తి! కాని ఆ కట్టను ఎవడు కూర్చెను? కొన్నవాడు కూర్చలేదు. అనుకరణమును తప్పింపబోయి కూర్పునే తప్పించినట్లయ్యెను. ఆ ఆటను ఇష్టపడువారు చాలమంది కలరు. చేతికి వచ్చిన కట్టలోని గుణమును కనుగొనుటలోను ఒక సంతోషమున్నది. 2021లో ఆ కట్టలను కూర్చు యంత్రగణితము చెడిపోయినదని ప్రచురణకర్తలే ప్రకటించిరి. మరుసటి యేడు ఆట మరియొక సంస్థ చేతికి మారెను. చెడిపోయిన యంత్రమునకు బదులు కొంతకాలము కట్టలను మనుష్యులు కూర్చి చూడరైరి గదా యని ఎవరికైన తోచినచో తప్పులేదు.

ఎడిసన్‌లోని బాలుడు ఎర్రని కట్టను కూర్చుకొనెను. తండ్రి సగము కార్డులు కొనియిచ్చెను. తక్కినవి వాడు స్నేహితునికడ ఎరువు తెచ్చుకొనెను. తరువాతి శుక్రవారము ఆ కట్టతో వాడు పోయి, ఒకటి గెలిచి మూడు ఓడి వచ్చెను. మొదటి ఆటలో అరువది కార్డులతో బాగుగనే ఆడెను. కాని ప్రతి జోడియు మూడు ఆటలలో రెండు గెలువవలెను. నడుమ, ప్రక్కన పెట్టుకొన్న పదునైదు కార్డులలో నుండి కొన్నింటిని మార్చుకొనవచ్చును. జాబితాలో ఆ పదునైదు పేర్లును ఉన్నవి. ఎవనిమీద ఏది తీసి ఏది పెట్టవలెనో లేదు. కట్టలో ఒక కార్డు ఒక్కటే యుండెను. తక్కినవన్నియు నాలుగేసి యుండగా అది యొక్కటే ఏల యున్నదో వానికి ఎంత ఆలోచించినను బోధపడలేదు. చేతికి వచ్చినప్పుడెల్ల తప్పు సమయమున ఆడి దానిని పాడుచేసికొనెను.

వాడు ఎర్రని కట్టను విడువలేదు. ఆరు వారములు ఆడెను. నెమ్మదిగా గెలుపులు పెరిగినవి. వానితో బాటు మరియొకటియు జరిగెను. ఎర్రని కట్ట దేనికి భయపడునో దానిని చేతబట్టినవానికి తెలియును. ఎదుటివాడు రెండవ వంతుననే గట్టి గుల్లగల చిన్న ప్రాణిని దింపినప్పుడెల్ల బాలుని చేతిలోని చీమల దండు నిలిచిపోవుచుండెను. మూడుమార్లు అట్లు జరిగిన తరువాత వాడు ఆట నడుమ నవ్వెను. ఎదుటి ఆటగాడు ఏమనుకొనెనో!

ఆ రాత్రి పెట్టెలోని తాబేళ్లు మరల బయటికి వచ్చెను. తాత గళ్ల కాగితముపై ఏవో గీతలు గీయుచు బల్లకడ కూర్చుండియుండెను. చీర అంచు నమూనాను గళ్లలో గీసికొని, ఆ గళ్ల లెక్కను బట్టి నూలును చిటికి కట్టి రంగులద్దుట పోచంపల్లి పద్ధతి. బాలుడు అటువంటిదే ఒక కాగితమును అడిగి తీసికొనెను. ఒక పాలు శక్తికి దిగు కార్డులెన్ని, రెండింటి కెన్ని, మూడింటి కెన్ని యని నిలువు గళ్లు నింపెను. తన పాత కట్ట బొమ్మ చూచి వాడు నివ్వెరపోయెను. మొదటి రెండు వరుసలు ఖాళీ. తాబేళ్లన్నియు నాలుగవ వరుసలోను అయిదవ వరుసలోను క్రిక్కిరిసి యున్నవి. అవి లేచివచ్చులోపల ఎవడైనను ఓడిపోక ఏమి చేయును?

"తాతా, నమూనాయే తప్పు! నేను తాబేళ్లు చెడ్డవనుకొంటిని."

"పోగు తెగినదా, గడి తప్పినదా అని మేము ముందు కాగితమే చూచెదము బిడ్డా," అని తాత తన గీతలలో మునిగిపోయెను.

పదునొకండు కార్డులు మారెను. పెద్ద తాబేళ్లు ఆరు పోయి, చిన్నవియు చవుకవియునైన గట్టి ప్రాణులు వచ్చెను. వానిలో కొన్ని తాబేళ్లు కావు. అందులకు బాలుడు కొంత బాధపడెను గాని ఒప్పుకొనెను. మిగిలిన అయిదును ఇట్లే. తరువాతి శుక్రవారము వాడు రెండు గెలిచి రెండు ఓడెను. గెలిచిన రెండును ఎర్రని కట్టలపైననే. సత్తువ అయిదున్న తాబేలు గుల్లతో మోదగా ఎర్రని కట్టవాడు ఆ కార్డును చేతిలోనికి తీసికొని రెండుమార్లు చదివి చూచెను. ఎన్నడును చూడని కార్డు ఎదుటివాని చేతినుండి దిగినప్పటి ముఖమది. గార్ఫీల్డు 1993లో కోరుకొన్నది అదియే.

ఆట ముగిసిన పిమ్మట ఆ ఎర్రని కట్టవాడు, పదునాలుగేండ్లవాడు, బాలుని యొద్దకు వచ్చి, "ఈ జాబితా ఎక్కడ దొరికినది?" అని అడిగెను. దొరకలేదనియు, తానే కూర్చితిననియు బాలుడు చెప్పగా, "అయితే నాకు వ్రాసి యియ్యగలవా?" అనెను.

బాలుడు రేపు చెప్పెదనని ఇంటికి వచ్చెను. ఇత్తునా మాననా యని రాత్రి తాతను అడిగెను. ఇచ్చినచో తన కట్టకు ప్రత్యేకత పోవును; వచ్చే వారమునకు అందరును దానికి విరుగుడు తెచ్చుకొందురు. ఇయ్యనిచో, తాను ఆరు వారములు ఎవరి జాబితాతో ఆడెను?

తాత వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి, "మా ఊరి చిటికి పని మా ఊర పుట్టినది కాదు బిడ్డా," అనెను. "చీరాల తేలియా రుమాళ్లను చూచి మా పెద్దలు నేర్చుకొనిరి. గుజరాతు పటోలాలను చూచియు నేర్చిరి. నేర్చిన తరువాత మా చేయి మాది. 2004-05లో ప్రభుత్వము పోచంపల్లి పేరుతో గుర్తింపు నిచ్చినది. దేశములో అట్టి గుర్తింపు పొందిన మొదటి మూడింటిలో మాది యొకటి."

"అయితే ఇమ్మందువా?"

"వినుము. గుర్తింపు వచ్చిన తరువాత కూడ మా చీరను యంత్రముపై అచ్చు కొట్టి నాలుగవ వంతు వెలకు అమ్మినవారున్నారు. చూచుటకు అదే చీర. వెనుక త్రిప్పి చూచిన బొమ్మ మాసియుండును. మా చీరకు రెండు వైపులను ఒకే బొమ్మ. నా మగ్గము మూడు సంవత్సరములు ఊరక యుండినది అట్టివాని వలననే. వారిని తలచుకొనిన నేటికిని నాకు కడుపు మండును."

"మరి ఏది చేయవలెను తాతా?"

"ఆ పిల్లవాడు అచ్చు కొట్టువాడో నేత నేర్చువాడో నాకేమి తెలియును? వానిని చూచినవాడవు నీవు," అని తాత దీపము తీసి పండుకొనెను.

బాలుడు చాలసేపు మేలుకొనియుండెను. పిమ్మట లేచి గళ్ల కాగితముపై అరువది కార్డుల పేర్లును వరుసగా వ్రాసెను. ప్రక్కన పదునైదింటి పేర్లు వ్రాసి, ఎవనిమీద ఏది మార్చవలెనో తనకు తెలిసినంత మట్టుకు చిన్న అక్షరములతో చేర్చెను. అడుగున తన పేరు వ్రాసెను. కొట్టివేసెను. మరల వ్రాసెను.

రెండు వారములు గడచెను. మూడవ శుక్రవారమున మొదటి ఆటకు జోడీలను చీటీపై వ్రాసి గోడకు అంటించిరి. బాలుడు తన బల్లను వెదకికొనిపోయి కూర్చుండి, తలయెత్తి చూడగా ఎదుట ఆ ఎర్రని కట్టవాడే. ఇద్దరును కార్డులు కలిపిరి. రెండవ వంతున ఇరువైపుల నుండియు ఒకే చిన్న తాబేలు దిగెను. మూడవ వంతున ఆ పిల్లవాడు బాలుని జాబితాలో లేని కార్డు నొకదానిని బల్లపై పెట్టెను. బాలుడు ముందుకు వంగి దానిని చేతిలోనికి తీసికొని చదువసాగెను.